బుజ్జికి, తోలు కోసే ముందు

క్రోంపేట, చెన్నై

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన పనిముట్ల డబ్బా, పక్కన గోధుమ రంగు తోలు ముక్క, ల్యాప్‌టాప్ తెర మీద నువ్వు కుట్టాలనుకుంటున్న హ్యాండ్‌బ్యాగ్. అమ్మ పుట్టినరోజుకి ఇస్తానని రాశావు. చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. "ఈ శనివారం కోసేస్తాను పెద్దమ్మా, ఏమైనా జాగ్రత్తలుంటే చెప్పు" అన్నావు కదా. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. పనిచేసేటప్పుడు బల్ల మీద పెట్టుకుని చూసుకుంటావని రాస్తున్నాను.

మొట్టమొదటి జాగ్రత్త: ఈ శనివారం తోలు కోయకు.

నీకు గుడ్డ కుట్టడం వచ్చు. మీ అమ్మ మిషన్ మీద నువ్వు కుట్టిన దిండు గలీబులు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. వచ్చు కాబట్టే ఈ మాట చెప్తున్నాను. గుడ్డ మీద కుట్టు తప్పితే విప్పేస్తాం, ఇస్త్రీ చేస్తే సూది పడిన జాడ కూడా ఉండదు. తోలుకు పడిన బెజ్జం మూసుకోదు. ఆ సంచి ఉన్నంతకాలం అది కనపడుతుంది. బరువు పడ్డప్పుడు చిరగడం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే తోలు పనిలో ఆలోచనంతా కత్తి పట్టకముందే అయిపోవాలి. పల్లావరంలో ఎగుమతి బ్యాగుల కంపెనీ శాంపిల్ గదిలో నేను 27 ఏళ్ళు పనిచేశాను. కొత్త బ్యాగు తయారు చేయడానికి పది రోజులు ఇస్తే, అందులో ఆరేడు రోజులు కాగితం మీదే గడిచేవి. తోలు ముట్టుకున్నాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగలకూడదు.

కాబట్టి ముందు కాగితం సంచి చెయ్యి. మందంగా ఉండే బ్రౌన్ షీటు తెచ్చుకుని అసలు కొలతలతో కోసి, టేపు అంటించి నిలబెట్టు. తర్వాత అవే కొలతలతో పాత జీన్స్ గుడ్డతోనో, రెగ్జిన్ ముక్కతోనో ఒకటి కుట్టు. అందులో మీ అమ్మ రోజూ మోసేవన్నీ వెయ్యి. నీళ్ళ సీసా, గొడుగు, కళ్ళజోడు పెట్టె, మందుల డబ్బా, పర్సు, ఫోను, ఎప్పుడూ సంచిలో ఉండే ఆ విష్ణు సహస్రనామం పుస్తకం. వంటింట్లో కాటా ఉంటే తూచు. రెండు కిలోల దాకా తేలుతుందని నా అంచనా. ఆ బరువుతో ఒకసారి అద్దం ముందు నిలబడు. అలా నిలబడితేనే కాగితం మీద కనపడనివి చాలా కనపడతాయి.

ఒకటి మాత్రం ఇప్పుడే చెప్తాను. మీ అమ్మ చీరే కడుతుంది. కొంగు ఎడమ భుజం మీద ఉంటుంది, బ్యాగూ అదే భుజానికి తగిలిస్తుంది. పట్టు చీర మీద నున్నటి పట్టీ జారిపోతుంది. జారకుండా ఉంటుందని గరుకు వైపు కిందికి పెట్టి ఒంటి పొర పట్టీ వేశావనుకో, ఆ నూగు జరీని పీకుతుంది. రివెట్ తలలూ అంతే, అంచు కొద్దిగా లేచినా చీర పోగు పట్టుకుంటుంది. అందుకని ఆమె సంచికి రెండు పొరల పట్టీలు వెయ్యి, రెండు వైపులా తోలు పైభాగమే ఉండాలి. అంచులు నున్నగా దిద్దు. భుజం మీద కూర్చునేచోట వెడల్పు 2.5 సెం.మీ. కన్నా తగ్గించకు, సన్నగా ఉంటే జారుతుంది, భుజం మీద ఒరుసుకుంటుంది కూడా. రివెట్లు అసలు వద్దు. దారమే చాలు.

ఇక నువ్వు ఎంచుకున్న బ్యాగు గురించి. జిప్పు, పక్కల వెడల్పు పట్టీలు, లోపల లైనింగు, మూడు జేబులు. అది రెండో బ్యాగు, బుజ్జీ. మొదటిది కాదు. పక్క పట్టీ మూల తిరిగేచోట బెజ్జాల లెక్క ఒక్కటి తేడా వచ్చినా సంచి మెలిపడి కూర్చుంటుంది. మొదటిసారికి ముందొకటి, వెనకొకటి రెండు పలకలు, రెండు హ్యాండిళ్ళు, లోపల ఒక జేబు, మూయడానికి ఒక అయస్కాంతం బటన్, అంతవరకే పెట్టుకో. వెడల్పు 34, ఎత్తు 30 సెం.మీ., కింది మూలలు చిన్న గిన్నె పెట్టి గుండ్రంగా గీసుకో. హ్యాండిల్ పొడవు 65 సెం.మీ. అనుకుంటున్నాను, మీ అమ్మ భుజం మీద తాడు వేసి చూసుకుని ఖాయం చేసుకో. ఇంత సాదా సంచి కూడా శ్రద్ధగా కుడితే నలుగురూ చెయ్యి వేసి చూస్తారు.

తోలు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఏమనుకోకు.

డబ్బాతోపాటు వచ్చిన ముక్క అంచు ఫొటోలో పెద్దది చేసి చూశాను. మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు గీత కనపడుతోంది. అంటే అది క్రోమ్ తోలు. క్రోమియం లవణాలతో ఊనుతారు, అంటే పచ్చి తోలు కుళ్ళకుండా పదును చేస్తారు, పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, మెత్తగా వస్తుంది, నీళ్ళకు తట్టుకుంటుంది. మా క్రోంపేటకు ఆ పేరు వచ్చిందే ఒకప్పుడు ఇక్కడున్న క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ వల్ల. చెడ్డ తోలేమీ కాదు, కానీ దాని అంచు నీళ్ళు పెట్టి రుద్దితే నున్నబడదు. రంగు పూత వెయ్యాలి, లేదా అంచు పలచన చేసి మడిచి కుట్టాలి. చేయి తిరగనివాళ్ళకు రెండూ కష్టమే. ఆ ముక్క మీద కుట్టు సాధన చెయ్యి, సంచికి వేరే కొందాం.

నీకు కావలసింది చెక్క రసంతో ఊనిన తోలు. వెజ్ టాన్ అని అడిగితే ఇస్తారు. మన దక్షిణాదిలో తరతరాలుగా తంగేడు చెక్కతో ఊనేవారు. బతుకమ్మ పేర్పులో చూస్తావే ఆ పసుపు పువ్వు, ఆ చెట్టు బెరడే. ఇక్కడ తమిళంలో ఆవారం అంటారు. చివర్లో కరక్కాయ రసం పట్టించేవారు. తర్వాత్తర్వాత తుమ్మ జాతిదే అయిన వాటిల్ చెట్టు బెరడు వచ్చింది. ఈ తోలు కోసి చూస్తే అంచు పొడవునా ఒకటే గోధుమ రంగు ఉంటుంది, నీలం గీత ఉండదు. నీటి చుక్క వేస్తే అక్కడ ముదురుతుంది. వాసన కూడా వేరు, ఎండిన చెక్కల వాసన. గోరుతో గీస్తే గీత నిలుస్తుంది, అందుకే అన్నిటికన్నా ముందు గోళ్ళు కత్తిరించుకో, ఉంగరాలు తీసి పక్కన పెట్టుకో.

ఈ తోలుకు ఇనుము పడదు. తడిచేత్తో కత్తెర పట్టుకుని అదే చేత్తో తోలు ముట్టుకుంటే నల్లటి మచ్చ పడుతుంది, అది పోదు. శ్రీకాళహస్తి కలంకారీ పని నువ్వు చూసే ఉంటావు. గుడ్డను ముందు కరక్కాయ, పాలలో ముంచుతారు. తర్వాత తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్ళతో గీత గీస్తే అది నల్లగా తిరుగుతుంది. కరక్కాయలో ఉన్నదీ, నీ తోలులో ఉన్నదీ ఒకటే గుణం. కలంకారీలో ఆ నలుపు కావాలని తెచ్చుకునేది. సంచి మీద పొరపాటున పడితే ఏడుపొస్తుంది. చెన్నై ఉక్కలో చేతులు చెమటలు పడతాయి కాబట్టి పొడి తువ్వాలు ఒళ్ళో ఉంచుకో, స్టీలు స్కేలు తోలు మీద వదిలేసి భోజనానికి వెళ్ళకు.

కొనడానికి పెరియమేట్ వెళ్దాం. సెంట్రల్ స్టేషన్ వెనక, సైడెన్‌హామ్స్ రోడ్డు చుట్టుపక్కలంతా తోళ్ళ వ్యాపారమే. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట నుంచి సరుకు వస్తుంది. భాష రాదని టెన్షన్ పడకు. మనం తోలు అన్నది వాళ్ళకు తోల్, మన నూలు వాళ్ళకు నూల్. దుకాణంలో తొందరపడకు. తోలు మొత్తం పరిపించి, వెలుతురులో పెట్టి, వెనకా ముందూ చూడు. వెన్ను వెంబడి తోలు గట్టిగా, ఒకే మందంలో ఉంటుంది. పొట్ట వైపు వదులుగా సాగుతుంది. రెండు చేతులతో పట్టి మెల్లగా లాగితే నీకే తెలుస్తుంది. హ్యాండిళ్ళు ఎప్పుడూ వెన్నుకు సమాంతరంగా కోయాలి. పొట్ట నుంచి కోసిన హ్యాండిల్ ఆరు నెలల్లో సాగి, ఒకటి పొడుగు ఒకటి పొట్టి అవుతుంది. పొట్ట ముక్కలు లోపలి జేబుకు వాడుకో.

గేదె తోలు, 1.4 నుంచి 1.5 మి.మీ. మందం అడుగుదాం. రెండు పొరల హ్యాండిల్ 3 మి.మీ. వస్తుంది, సరిపోతుంది. తోలు చదరపు అడుగుల్లో అమ్ముతారు. వెనక వైపు అంకె వేసి ఉంటుంది, దాని పక్కనే పైన చిన్నగా 1, 2, 3 అని ఉంటే అవి పావులు. నీ పలకలు, హ్యాండిళ్ళు, పై అంచు లోపల వేసే పట్టీలు, అన్నీ లెక్క వేస్తే మూడున్నర అడుగులు కూడా కావు. కానీ తోలు తానుగుడ్డలా నలుచదరంగా ఉండదు, మచ్చలూ చిల్లులూ తప్పించుకుంటూ కోయాలి. ఐదడుగులు తీసుకో. ఈగ కాటు మచ్చో, పాత గాయం గీతో ఉంటే కంగారు పడకు, అది బతికిన జీవి ఒళ్ళు. కుట్టు పడేచోటా, బరువు పడేచోటా లేకుండా చూసుకుంటే చాలు. "జెన్యూన్ లెదర్" అని ముద్ర ఉంటే మంచి తోలనుకోకు. పై పొర తీసేసిన కింది పొరకు పూత వేసినా ఆ ముద్ర వేస్తారు. పై పొర మొత్తం ఉన్నదే అడుగు, ఫుల్ గ్రెయిన్ అంటే వాళ్ళకు తెలుస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ, ఆదివారం వద్దు.

ఇక్కడ ఇంకో మాట కూడా రాయాలి. నాకు ఈ పని నేర్పిన మా మేస్త్రిగారు ఈ రాష్ట్రంలోనే పుట్టి పెరిగినా ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. తమిళనాడు అరుంధతీయుల్లో చాలామంది ఇంటి భాష తెలుగు. చెప్పులు, నీళ్ళు తోడే మోట బొక్కెనలు, ఎడ్ల పట్టెడలు తరతరాలుగా కుట్టిన చేతులు వాళ్ళవి. ఆ పనిని మన ఇళ్ళల్లో చాలాకాలం తక్కువగా చూశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెళ్ళిలో మన బంధువు ఒకావిడ నా చేతి మంచినీళ్ళు తాగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. నన్ను ఒక్కరోజు అలా చూస్తేనే ఇంత గుర్తుంటే, మేస్త్రిగారు జీవితమంతా ఏం మోశారో అనిపిస్తుంది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు 1958 నుంచి 1971 దాకా అడయార్‌లోని కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థను నడిపారు, తర్వాత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) డైరెక్టర్ జనరల్ అయ్యారు. అంత పెద్ద శాస్త్రవేత్త జీవితం కూడా తోలు చుట్టూనే తిరిగింది. నీ ఆఫీసులో ఎవరైనా ముక్కు చిట్లిస్తే ఆయన పేరు చెప్పు, మా మేస్త్రిగారి సంగతీ చెప్పు.

పనిముట్ల డబ్బాలో చాలా ఉన్నాయి, నీకు పనికొచ్చేవి కొన్నే. కొత్త బ్లేడు వేసిన కట్టర్, స్టీలు స్కేలు, ఫోర్కులా పళ్ళున్న 4 మి.మీ. పంచ్‌లు (రెండు పళ్ళదీ, ఆరు పళ్ళదీ), ఆర (బెజ్జం పొడిచే మొన పనిముట్టు), మొద్దు మొన సూదులు రెండు, అంచు చెక్కే పరికరం. మిగతావి డబ్బాలోనే ఉండనీ. డబ్బాలో వచ్చిన దారం లావుగా, చదునుగా ఉంది, అది వద్దు. 0.8 మి.మీ. మైనం పట్టించిన గుండ్రటి పాలిస్టర్ దారం కొందాం. పంచ్ కొట్టడానికి ఇనుప సుత్తి వాడకు, పంచ్ తల చెదిరిపోతుంది. చెక్కదో నైలాన్‌దో కావాలి. మీది మూడో అంతస్తు కదా, కింద వాళ్ళకు చప్పుడు. మా ఇంట్లో వాడకుండా ఉన్న సన్నికల్లు ఇస్తాను. బల్ల కాలు ఉన్న మూలన మడత పెట్టిన దుప్పటి వేసి, దాని మీద సన్నికల్లు, పైన కటింగ్ మ్యాట్ పెట్టుకో. దెబ్బ బరువులో కలిసిపోతుంది, చప్పుడు సగానికి సగం తగ్గుతుంది. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం కొట్టకు.

కోయడం గురించి ఎక్కువ చెప్పను. స్కేలు కింద మాస్కింగ్ టేపు అంటించు, జారదు. ఒక్క ఊపులో తెగాలని చూడకు, తేలిగ్గా మూడుసార్లు గీయి. స్కేలు పట్టుకున్న వేళ్ళు అంచు దాటి బయటికి రాకూడదు. గుర్తులు పెన్నుతో పెట్టకు, ఆర మొనతో సన్నగా గీసుకో.

ఇప్పుడు అసలు చోటు, హ్యాండిల్ సంచికి కలిసే చోటు.

నేను నాకోసం కుట్టుకున్న మొదటి బ్యాగు ఇక్కడే తెగింది. ఉద్యోగంలో రెండో సంవత్సరం. సాయంత్రం రద్దీలో గిండీ స్టేషన్‌లో బండి ఎక్కబోతుంటే పట్టీ ఊడి, టిఫిన్ డబ్బా ప్లాట్‌ఫాం మీద దొర్లింది. దారం తెగలేదు, తోలు చిరిగింది. మరునాడు మేస్త్రిగారికి చూపించాను. ఆయన పట్టీ కొసను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. నేను పట్టీకి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, దగ్గరదగ్గరగా తొమ్మిది బెజ్జాలు వేశాను, గట్టిగా ఉంటుందని. సరిగ్గా ఆ వరుస వెంబడే తోలు రెండైంది. "పోస్టాఫీసులో స్టాంపులు ఎలా చింపుతారమ్మా?" అని అడిగారాయన. ఇంకేమీ అనలేదు. ఎక్కువ బెజ్జాలు వేస్తే ఎక్కువ బలం అనుకున్నాను. బెజ్జం అంటే తోలు లేని చోటు.

అందుకని హ్యాండిల్ కొసను పలక మీదికి 5 సెం.మీ. దింపు. కుట్టు రెండు పక్కలా నిలువుగా, అంచుకు 4 మి.మీ. లోపలగా రావాలి, కింది కొస గుండ్రంగా తిరిగి కలవాలి. పైన సంచి అంచు దగ్గర అడ్డం వరుస వేయకు. లాగుడు అక్కడే మొదలవుతుంది కాబట్టి పక్క వరుసలు మొదలయ్యే చోట రెండు బెజ్జాలు వెనక్కి వచ్చి జంట కుట్టు వెయ్యి. ఇక లోపల, రెండు పలకలకూ పై అంచు వెంబడి 7 సెం.మీ. వెడల్పు తోలు పట్టీ వెయ్యి. హ్యాండిల్ కుట్టు పలకనూ ఈ పట్టీనీ కలిపి పట్టుకోవాలి. బరువు ఒక్కచోట పడకుండా సంచి వెడల్పంతా పంచుకుంటుంది. అయస్కాంతం బటన్ కాళ్ళు కూడా ఈ పట్టీకీ పలకకూ మధ్యే దాగుతాయి. వాటి కింద చిన్న తోలు ముక్క ఒకటి అంటించు, లేకపోతే ఆ ఇనుప కాళ్ళు కొన్నాళ్ళకు పలక మీద అచ్చు వేస్తాయి.

వరుస మరిచిపోకు. ముందు బటన్, తర్వాత లోపలి పట్టీ, ఆ తర్వాత హ్యాండిళ్ళు, జేబు. ఇవన్నీ పలక బల్ల మీద పడుకుని ఉండగానే అయిపోవాలి. పక్కలు మూసేది అన్నిటికన్నా చివర. మూసిన సంచి లోపల చెయ్యి పెట్టి కుట్టడం అనుభవం ఉన్నవాళ్ళకే నరకం.

గమ్ము అంచు వెంబడి 6, 7 మి.మీ. మేరకే పలచగా రాయి. రెండు వైపులా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటనప్పుడు కలిపి నొక్కు. తోలు పైభాగం మీద గమ్ము రాయాల్సి వస్తే ముందు ఉప్పు కాగితంతో (శాండ్‌పేపర్) గరుకు చెయ్యి. ఆ గమ్ము ఆవిరికి మంట అంటుకుంటుంది. వంటింట్లో చేయకు, దీపం వెలుగుతుండగా చేయకు, కిటికీలు తీసి పెట్టుకో.

గమ్ము అంటించాక రెండు పొరలకూ కలిపే బెజ్జాలు కొట్టు. గీసుకున్న గీత మీద ఆరు పళ్ళ పంచ్ పెట్టి, ప్రతిసారీ మొదటి పన్ను ముందు కొట్టిన ఆఖరి బెజ్జంలో ఆనించు. అప్పుడు దూరం తప్పదు. మూలల దగ్గర రెండు పళ్ళది. పంచ్ నిటారుగా ఉందో లేదో కంటితో కాదు, ముక్క తిప్పి చూసి తెలుసుకో. వెనక బెజ్జాలు అంచు వైపు వంకరపోతుంటే చెయ్యి వాలుతోందన్నమాట. పక్కలూ అడుగూ కలిపి 94 సెం.మీ., సుమారు 235 బెజ్జాలు. ఒక్క సాయంత్రంలో అన్నీ కొట్టేయాలని చూడకు.

కుట్టు చేత్తోనే. మీ అమ్మ మిషన్ పెట్టకు. పలచటి మేక తోలయితే లెదర్ సూది వేసి లాగించవచ్చేమో గానీ, 3 మి.మీ. దగ్గర దానికి శక్తి చాలదు, పాదం కింద తోలు జరగక కుట్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. పైగా మిషన్ కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి మెలివేసి పట్టుకుంటాయి. ఒక చోట తెగితే లాగిన కొద్దీ విడిపోతుంది. గుర్రపు జీనులు కుట్టేవాళ్ళ రెండు సూదుల కుట్టు అలా కాదు. ప్రతి బెజ్జంలోనూ దారం రెండుసార్లు వెళ్తుంది, ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది.

దారం కుట్టు పొడవుకు నాలుగు రెట్లు కావాలి. మొత్తం ఒకటే దారమంటే మూడు మీటర్ల ముప్పావు అవుతుంది, చిక్కులు పడుతుంది. పక్కలు రెండు, అడుగు ఒకటి, మూడు భాగాలు చేసుకో. కలిసేచోట మూడేసి కుట్లు ఒకదాని మీద ఒకటి రావాలి. దారం రెండు కొసలకూ సూదులు ఎక్కించి, మొదటి బెజ్జంలో దూర్చి రెండు వైపులా సమానం చేసుకో. ముక్కను మోకాళ్ళ మధ్య రెండు చెక్క బద్దలతో పట్టించు. ఎడమ సూది ముందు దూర్చు. కుడి చేత్తో అందుకుని లాగుతూ, ఆ దారాన్ని కొద్దిగా నీ వైపుకు జరిపి పెట్టు. అప్పుడు బెజ్జంలో ఖాళీ కనపడుతుంది. ఆ ఖాళీలోంచి కుడి సూది వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు మొదటి దారాన్ని ముందుకూ వెనక్కూ ఒకసారి కదిపి చూడు, కదిలితే సూది దాన్ని పొడవలేదన్నమాట. కదలకపోతే ఆగి వెనక్కి తియ్యి. తర్వాత రెండు చేతులూ ఒకేసారి, ఒకే బలంతో లాగు. దారం తోలులోకి కొంచెం దిగి కూర్చోవాలి, తోలు ముడుచుకోకూడదు.

ఏ సూది ముందు వెళ్తుందో చివరిదాకా అదే ముందు వెళ్ళాలి, రెండోది మొదటి దారానికి ఎప్పుడూ ఒకే పక్కగా పోవాలి. కుట్లు ఏటవాలుగా, జడ అల్లినట్టు వస్తాయి. మధ్యలో ఎక్కడైనా ఒకటి తిన్నగా పడిందంటే అక్కడ వరుస మారింది. వెంటనే విప్పి మళ్ళీ వెయ్యి, ఇది విప్పుకోగలిగిన తప్పే. మొదటి ఇరవై కుట్లు నత్త నడకే. ముప్పై, నలభై దాటాక చేతులు వాటంతట అవే లయ పట్టుకుంటాయి. ఆ లయ పట్టుకున్నాక లేవకు, ఫోను పక్క గదిలో పెట్టు. నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గంట, రెండు గంటలంటే ఇష్టం. ఇంట్లో ఎన్ని గొడవలున్నా ఆ బెజ్జం, ఈ సూది తప్ప మరేదీ గుర్తుండదు. నీ చేతులు రోజంతా కీబోర్డు మీద ఉంటాయి కదా, నీకూ ఇది బాగుంటుందనే నా ఆశ. చివర రెండు మూడు బెజ్జాలు వెనక్కి వచ్చి, దారం లోపలి వైపు కత్తిరించి, కొసను లైటర్‌తో తాకీ తాకనట్టు కరిగించి వేలితో కాదు, లైటర్ అడుగుతో నొక్కు.

అంచులు దిద్దడం ఆఖరి పని. అంచు చెక్కే పరికరంతో రెండు వైపులా మూల తీసి, ఉప్పు కాగితం పట్టి, కొద్దిగా తడి చేసి, కాన్వాస్ గుడ్డతో వేడి పుట్టేదాకా రుద్దు. ఒక నిమిషంలో మెరుపు కనపడుతుంది. తర్వాత తేనెమైనం రాసి మళ్ళీ రుద్దు. హ్యాండిళ్ళ అంచులు సంచికి కుట్టకముందే దిద్దుకో.

సంచి అయ్యాక కొబ్బరినూనె రాయకు. ఎవరు చెప్పినా సరే. మచ్చలుగా ముదురుతుంది, జిడ్డుకు దుమ్ము పట్టుకుంటుంది, తోలు మెత్తబడి ఆకారం పోతుంది. రంగులేని లెదర్ క్రీము వేలి కొసకు అంటినంత చాలు. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, అప్పుడే బీరువాలో తోలుకు బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టవద్దని మీ అమ్మకు గట్టిగా చెప్పు. పాత నూలు దిండు గలీబులో పెట్టి, లోపల కాగితాలు కుక్కి, వారానికోసారి గాలి తగలనివ్వాలి. తడిస్తే ఎండలో వేయకూడదు, ఫ్యాను కింద నిదానంగా ఆరాలి.

శనివారం పదిన్నరకు నువ్వు వేళచ్చేరి నుంచి వచ్చి పార్క్ టౌన్‌లో దిగు, నేను క్రోంపేట నుంచి వచ్చి పార్క్ స్టేషన్‌లో దిగుతాను. అక్కడి నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. కాగితం నమూనాలు చుట్టగా చుట్టి తెచ్చుకో. వాటిని తోలు మీద పరిచి, ఎక్కడెక్కడ ఏ ముక్క వస్తుందో దుకాణంలోనే చూసుకుని కొందాం. జీన్స్ గుడ్డ సంచి కూడా తీసుకురా, అందులో రెండు కిలోల బియ్యం పోసి. పార్క్ నుంచి పెరియమేట్ దాకా అది నువ్వే భుజాన వేసుకుని నడవాలి. హ్యాండిల్ పొడవు ఎంతో దుకాణం చేరేసరికి మనకు తెలిసిపోతుంది.

ప్రేమతో,
మీ పెద్దమ్మ